చిక్కడపల్లి బాల్కనీలో ఆర్టీమియా: గుడ్డు నుంచి గుడ్డు దాకా

చేపలు: ఒక జత ఏంజెల్, పన్నెండు గప్పీలు. చోటు: మూడో అంతస్తులో తూర్పు బాల్కనీ, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అందులో సగం తులసికోటకూ బట్టల తీగకూ పోతుంది. మిగిలిందే నాది.

ఏంజెల్ జత అంతకుముందు రెండుసార్లు గుడ్లు పెట్టింది. రెండుసార్లూ పిల్లలు ఈదడం మొదలుపెట్టిన నాలుగైదు రోజులకే పోయాయి. ఉడికించిన పచ్చసొన వేశాను, పొడి మేత వేశాను. కదలని మేతను అవి పట్టించుకోలేదు, మిగిలిపోయిన సొన నీళ్ళను పాడు చేసింది. అందుకే ఆర్టీమియా. ఉప్పునీటి రొయ్య అంటారు గానీ, ఇగురు పెట్టుకునే రొయ్యకు ఇది దూరపు చుట్టం. పూర్తిగా ఎదిగినా సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. దీని గుడ్డు ఎండిన స్థితిలో ఏళ్ళ తరబడి పడుకోగలదు; ఉప్పునీళ్ళలో పడ్డాక ఒకటి రెండు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. మన కోస్తాలో రొయ్య పిల్లలను పొదిగించి పెంచే హేచరీలు ఈ గుడ్లను డబ్బాల లెక్కన వాడతాయి. మా అక్కయ్య భర్త కాకినాడ వైపు అలాంటి ఒక హేచరీలోనే పని చేస్తారు. ఈ డైరీలో ఆయన తరచూ కనిపిస్తారు, ఎక్కువగా నన్ను చూసి నవ్వడానికి.

మొదటి దశ: పొదిగించడం (జనవరి 19 – ఫిబ్రవరి 17)

జనవరి 19, మొదటి సీసా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను మామూలుగా నిలబెట్టాను. ఆర్వో నీళ్ళు ఒక లీటరు, కల్లుప్పు రెండు చెంచాలు, గుడ్లు అర చెంచా, అడుగున ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి). 24 గంటలకు ఏమీ లేదు. 48 గంటలకు టార్చి వెలుగులో అక్కడక్కడ నారింజ రంగు నలుసులు కదిలాయి.

ఎన్ని పొదిగాయో కంటితో చెప్పాలనుకుంటే మోసపోతాం. నేను లెక్కపెట్టే పద్ధతి ఇది:

1. గాలి ఆడుతుండగానే సీసా నడిమి నుంచి 1 మి.లీ. సిరంజితో, సూది తీసేసి, నీళ్ళు లాగాలి.
2. నల్లటి ప్లాస్టిక్ మూత మీద 0.1 మి.లీ. చొప్పున ఐదు చుక్కలు పెట్టాలి.
3. ఒక్కో చుక్కకూ పుల్లతో కాస్త నిమ్మరసం తగిలించాలి. పిల్లలు కదలడం మానేస్తాయి.
4. భూతద్దంతో లెక్కపెట్టి సగటు తీయాలి. దాన్ని పదితో గుణిస్తే మిల్లీలీటరుకు ఎన్నో తెలుస్తుంది. దాన్ని వెయ్యితో గుణిస్తే లీటరుకు.

మొదటి సీసా సగటు 3. అంటే లీటరుకు 30,000. కానీ అర చెంచా గుడ్లు ఎన్ని గ్రాములో తూచలేదు కాబట్టి ఆ అంకె దేనికీ పనికిరాదు. మర్నాడే 0.1 గ్రాము దాకా చూపే చిన్న తూకం కొన్నాను. రెండు చెంచాల కల్లుప్పు తూస్తే 17 గ్రాములే ఉంది. లీటరుకు కావలసింది 25. మెత్తటి ఉప్పుకు చెప్పిన చెంచాల కొలత రాళ్ళ ఉప్పుకు చెల్లదు.

జనవరి 22, రెండో సీసా. ఈసారి గుడ్లు సరిగ్గా 1 గ్రాము, ఉప్పు 25 గ్రాములు. సీసా అడుగు కోసి, తలకిందులుగా వేలాడదీశాను. కూల్‌డ్రింక్ సీసా అడుగున పూరేకుల్లా ఐదు గుంటలుంటాయి. మొదటి సీసాలో గుడ్లన్నీ ఆ గుంటల్లో చేరి కూర్చున్నాయి. ఎయిర్ స్టోన్ కూడా తీసేశాను. దాని సన్న బుడగలు నురుగు కట్టి, గుడ్లను పైకి మోసుకెళ్ళి గోడకు అంటించాయి. నీటి మట్టం పైన గోధుమరంగు పట్టీ ఒకటి ఎండి కనిపించింది. ఇప్పుడు మూత అడుగున ఉత్త గొట్టం, పెద్ద బుడగలు. ఫలితం: 48 గంటలకు సగటు 6. తెల్లవారుజామున ఐదుకు నీటి వేడి 18 డిగ్రీలు.

జనవరి 26, మూడో సీసా. జానెడు దూరంలో 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు, రాత్రీ పగలూ. ఎల్‌ఈడీ వెలుగు ఇస్తుంది గానీ వేడి చాలదు. ఇక్కడ రెండూ కావాలి. నీళ్ళు 27 డిగ్రీల దగ్గర నిలిచాయి. 24 గంటలకు సగటు 8. వేగం పెరిగింది, సంఖ్య పెద్దగా పెరగలేదు. ఫోను చేశాను.

"బావగారూ, ఉప్పు తూచి వేశాను, వేడి ఉంది, గాలి ఉంది. సగం కూడా పొదగడం లేదు."

"ఏ నీళ్ళు పోశావయ్యా?"

"ఆర్వో నీళ్ళు."

అవతల కాసేపు నవ్వు. "ఆ నీళ్ళు నువ్వు తాగు. వాటికి బోరు నీళ్ళు పొయ్యి."

నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ కాగితం ముంచి చూస్తే 6.5. పెంకు లోపలి పొరను కరిగించే ఎంజైము బాగా పని చేయాలంటే పీహెచ్ 8కి పైన ఉండాలి. ఆర్వో నీళ్ళలో క్షారం ఉండదు కాబట్టి పీహెచ్ ఇట్టే పడిపోతుంది.

జనవరి 30, నాలుగో సీసా. బోరు నీళ్ళు, వంటసోడా 1 గ్రాము. తక్కినవేవీ మార్చలేదు. పీహెచ్ 8 దాటింది. 24 గంటలకు సగటు 19. గ్రాము గుడ్లకు 1,90,000 పిల్లలు. ఫిబ్రవరి 1న అదే కొలతలతో ఐదో సీసా పెట్టాను: సగటు 18. రెండోసారీ వచ్చాకే నమ్మాను.

ఆ ఐదో సీసాను మాత్రం నా చేతులతో నేనే చంపుకున్నాను. పిల్లలను తీయాలంటే గాలి ఆపాలి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి దిగుతాయి. గాలి ఆపాక ఆఫీసు ఫోను వచ్చింది. తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలు. మూత దగ్గర వేలెడు మందాన పేరుకున్న నారింజ పొర పాలిపోయి ఉంది. ఒక్కటీ కదలలేదు. అంత గుంపుకు ఆ కాసిన్ని నీళ్ళలో ఆక్సిజన్ నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు ఫోనులో ఎనిమిది నిమిషాల అలారం పెట్టుకుని గాలి ఆపుతున్నాను.

వడపోత గుడ్డకు ఛత్తా బజార్ వెళ్ళాను. పెళ్ళి కార్డులు అచ్చు వేసే దుకాణాల్లో స్క్రీన్ ప్రింటింగ్‌కు బిగించే నైలాన్ గుడ్డ ముక్కలు దొరుకుతాయి. మొదట తెచ్చినది మరీ సన్నం. నీళ్ళు దిగక పొంగిపోయాయి. మళ్ళీ వెళ్ళి అంగుళానికి 120 దారాలున్నది తెచ్చాను. నీళ్ళు దిగిపోతాయి, అర మిల్లీమీటరు పిల్ల ఆగుతుంది.

తీసే వరుస:

1. గాలి ఆపి, మూత దగ్గర టార్చి పెట్టాలి. పిల్లలు వెలుగు వైపు వస్తాయి.
2. ఎనిమిది నిమిషాలకు మూత గొట్టం గుండా నీళ్ళు వదలాలి. మొదటి రెండు చెంచాల నీళ్ళు పారబోయాలి. అవి పొదగని గుడ్లు.
3. నారింజ రంగు నీళ్ళను మాత్రం గుడ్డ మీదికి వదలాలి. పెంకుల పొర దిగేలోపే ఆపాలి.
4. గుడ్డ మీద మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగి, వెంటనే చేపలకు వేయాలి.

"వెంటనే" అన్నది ఊరికే అనలేదు. పుట్టిన పిల్ల పొట్టలో సొన ఉంటుంది, నారింజ రంగు దానిదే. ఈ వేడికి ఎనిమిది గంటలు తిరిగేసరికి ఒకసారి కుబుసం విడిచి, ఆ సొనను ఖర్చు చేసుకుంటూ పోతుంది. ఆలస్యమైన కొద్దీ చేపపిల్లకు దక్కేది తగ్గుతుంది. మిగిలినవాటిని వెడల్పాటి డబ్బాలో, పలచటి ఉప్పునీళ్ళలో ఫ్రిజ్‌లో పెడితే ఒకరోజు ఆగుతాయి. "పెరుగు గిన్నె పక్కన ఇవేమిటిరా" అని అమ్మ అడిగింది. అప్పటినుంచి డబ్బా మీద స్కెచ్ పెన్నుతో "తినేది కాదు" అని రాసి, కింది అరలో పెడుతున్నాను.

ఫిబ్రవరి 7న మూడో విడత ఏంజెల్ పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. అప్పటికి ఆరో సీసా సిద్ధంగా ఉంది. వేసిన పావుగంటకు గాజు పక్క నుంచి భూతద్దం పెట్టి చూస్తే, గాజులాంటి ఒళ్ళున్న ఒక్కో పిల్లలో ఆవగింజంత నారింజ పొట్ట. ఫొటో తీసి లెక్కపెట్టాను: మొదటి రోజు సుమారు 140, పదో రోజుకు 96. గత రెండు విడతల్లో ఆ పాటికి ఒక్కటీ మిగల్లేదు.

ఖర్చు ఇప్పటికి (రూపాయల్లో): గుడ్లు 50 గ్రాములు 480, పంపు 320, గొట్టాలు, వాల్వులు 90, కల్లుప్పు 5 కిలోలు 75, పీహెచ్ కాగితాలు 120, బల్బు, హోల్డరు 85, నైలాన్ గుడ్డ 60, తూకం 250. మొత్తం 1,480.

రెండో దశ: పెంచడం, అంటే చంపడం (ఫిబ్రవరి 10 – ఫిబ్రవరి 28)

పొదిగించడం వంట లాంటిది, కొలతలు కుదిరితే అయిపోతుంది. పెంచడం అలా కాదు.

ఒకటో టబ్బు, ఫిబ్రవరి 10. పాతిక లీటర్ల టబ్బులో 20 లీటర్ల ఉప్పునీళ్ళు. ఒక సీసా పిల్లలు మొత్తం, దాదాపు 1,90,000, దానిలో ఒంపాను. మేత బ్రెడ్డు ఈస్టు, ఒక చెంచా. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆకలిగా ఉంటాయేమోనని సాయంత్రం మరో అర చెంచా. మూడో రోజు పొద్దున బాల్కనీ తలుపు తీయగానే పులిసి పొంగిన ఇడ్లీ పిండి వాసన. అడుగున తెల్లటి బురద, అందులో అన్నీ. ఈస్టును అవి తినగలవు, కానీ తినగా మిగిలింది కుళ్ళి ఆక్సిజన్‌ను లాగేస్తుంది, అమ్మోనియా పెంచుతుంది. ఆకలితో ఒక్కటీ చచ్చి ఉండదు. అన్నీ నేను పెట్టిన తిండికే పోయాయి.

రెండో టబ్బు, ఫిబ్రవరి 15. మూడు మార్పులు: పిల్లలు 20,000 మాత్రమే (సీసా నుంచి కొలిచి 105 మి.లీ.), ఈస్టు బదులు స్పైరులినా (ఒక రకం నాచు పొడి), మేతకు ఒక కొలత. ఆ కొలత బావగారు చెప్పిందే. హేచరీలో పెద్ద పళ్ళెంతో చేసేదాన్ని నేను చొక్కా బొత్తంతో చేశాను:

1. అడుగు స్కేలు చివర తెల్ల బొత్తం అంటించి, నిలువుగా నీళ్ళలోకి దించాలి.
2. బొత్తం కంటికి కనిపించడం మానేసే లోతు చూసుకోవాలి.
3. మొదటి వారం ఆ లోతు 15 నుంచి 20 సెం.మీ. మధ్య ఉండాలి. తర్వాత 20 నుంచి 25.
4. 15 కన్నా ముందే మాయమైతే ఆ పూట మేత లేదు. 25 దాటినా కనిపిస్తుంటేనే వేయాలి.

స్పైరులినా 1 గ్రామును గ్లాసుడు ఉప్పునీళ్ళతో మిక్సీలో తిప్పి, గుడ్డలో వడకట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకుని, పూటకు కొన్ని చెంచాలు. నలకలుగా పడితే అవి తినలేవు. అడుగుకు చేరి కుళ్ళుతాయి. (మిక్సీ జార్ విషయంలో ఇంట్లో జరిగిన చర్చను ఇక్కడ రాయను. పాత జార్ ఒకటి ఇప్పుడు బాల్కనీలో ఉంటుంది.)

లీటరు మగ్గుతో ఐదుచోట్ల ముంచి, మగ్గులోని నీళ్ళు కలిపి పదో వంతు లెక్కపెట్టి, సగటు తీస్తే: మూడో రోజు లీటరుకు 710, ఏడో రోజు 430, పదో రోజు 60. పదమూడో రోజు టబ్బు మొత్తంలో 11. వాసన లేదు, బొత్తం ఉండవలసిన లోతు దగ్గరే మాయమవుతోంది, నీళ్ళు 26 డిగ్రీలు. చచ్చినవాటిని నల్ల మూత మీద పెట్టి చూస్తే సగం కుబుసం విడిచి, సగంలో ఇరుక్కున్నవే ఎక్కువ.

బావగారికి ఫొటో పంపాను. తిరిగి ఒక ప్రశ్న వచ్చింది: "బోరు నీళ్ళతో రొయ్యల చెరువులు నడిపేవాళ్ళు బస్తాలకు బస్తాలు పొటాష్, మెగ్నీషియం ఎందుకు చల్లుతారనుకున్నావు?"

పొదిగేటప్పుడు పిల్లకు కావలసింది గుడ్డులోనే ఉంటుంది కాబట్టి ఉత్త ఉప్పుతో సాగిపోయింది. పెరగాలంటే అది పెద్దదయ్యేలోపు పదిహేను సార్లదాకా కుబుసం విడవాలి. ప్రతిసారీ నీళ్ళలోని లవణాల సమతూకం కావాలి. కల్లుప్పులో ప్రధానంగా ఉండేది సోడియం క్లోరైడే. నేను పోసింది ఉప్పునీళ్ళు, సముద్రపు నీళ్ళు కావు.

ఖర్చు: టబ్బు 260, ఈస్టు 40, స్పైరులినా 210. మొత్తం 1,990. పెరిగిన రొయ్యలు: సున్న.

మూడో దశ: మూడో టబ్బు (మార్చి 2 – ఏప్రిల్ 5)

ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) బేగంబజార్‌లో, పొటాష్ మొక్కల నర్సరీలో దొరికాయి. పొటాష్‌లో ఎర్రది కాకుండా తెల్లది అడిగి తీసుకోవాలి. లీటరు బోరు నీళ్ళకు:

1. కల్లుప్పు 30 గ్రాములు
2. ఎప్సమ్ సాల్ట్ 7 గ్రాములు
3. వంటసోడా 2 గ్రాములు
4. పొటాష్ 1 గ్రాము

మా బోరు నీళ్ళు కెటిల్‌కు సున్నం పట్టించే రకం. క్యాల్షియం అందులోనే ఉంది, విడిగా వేయలేదు. సోడా కలిపిన కాసేపటికి నీళ్ళు పలచటి మజ్జిగలా అయ్యాయి. ఆ సున్నమే తెల్లగా విరిగి దిగుతోంది. కంగారుపడి పారబోయవద్దు. ఒక రాత్రి ఉంచి, పైనీళ్ళు వంచుకుంటే చాలు.

మళ్ళీ 20,000 పిల్లలు, అదే స్పైరులినా, అదే బొత్తం. మూడు రోజులకోసారి సన్నగొట్టంతో అడుగు బురద లాగి, పోయినంత నీళ్ళు పోశాను. లీటరుకు లెక్క: మూడో రోజు 760, ఏడో రోజు 520, పదో రోజు 330, పదిహేనో రోజు 140. పదో రోజు దాటుతున్నప్పుడు తెల్లవారగానే టబ్బు దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు ఆడలేదు. కానీ ఈసారి అడుగున కనిపించినవి ఖాళీ కుబుసాలే. లోపల రొయ్య లేదు.

మార్చి 18. పెద్దవి వెల్లకిలా ఈదుతాయి, కాళ్ళు వెలుగు వైపు. ఆ పొద్దున కొన్ని జంటగా తిరుగుతున్నాయి: మగది తల దగ్గరి కొక్కేల్లాంటి పట్టుకర్రలతో ఆడదాని నడుము పట్టుకుని, అది ఎటు వెళితే అటు. చేత్తో నీళ్ళు కదిలించినా వదలలేదు. మార్చి 23న టార్చి వేస్తే మూల దగ్గర మళ్ళీ నారింజ నలుసులు. నేను ఒంపినవి కావు. టబ్బులో పుట్టినవి.

మార్చి 25 నుంచి టీ వడపోతతో రోజుకు యాభై, అరవై పెద్దవాటిని తీసి, మంచినీళ్ళలో కడిగి ఏంజెల్‌కు, గప్పీలకు వేస్తున్నాను. మంచినీళ్ళలో అవి కొన్ని గంటలే బతుకుతాయి, కాబట్టి చేపలు ఐదు నిమిషాల్లో తినగలిగినన్నే. గప్పీలకు పెద్దవి నోటికి అందక ఒకటే లాగులాట. పక్కింటి పిన్నిగారు ఆసక్తిగా చూసి, "ఇవి ఎంత పెద్దవైతే ఇగురుకు పనికొస్తాయి?" అని అడిగారు. వడపోతలో ఉన్నదే పెద్ద సైజు అని చెబితే ఆమె ముఖం చూడాలి.

ఖర్చు: ఎప్సమ్ 70, పొటాష్ 60. మొత్తం 2,120. చేపలకు వేసినవి ఏప్రిల్ 5 నాటికి 640.

నాలుగో దశ: ఎండ, కరెంటు (ఏప్రిల్ 6 – జూన్ 8)

ఏప్రిల్ రెండో వారంలో మధ్యాహ్నం టబ్బు నీళ్ళు 35 డిగ్రీలు. ఆకుపచ్చ నీడవల కట్టాక 32. అసలు పొరపాటు వేడి కాదు, నీళ్ళు తగ్గిన కొద్దీ నేను పోసినవి. రోజుకు ముప్పావు లీటరు ఆవిరైపోయేది. రోజూ అంతే ఉప్పునీళ్ళు కలిపి పోశాను. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదన్న సంగతి తొమ్మిదో తరగతి పిల్లవాడికి తెలుసు. పన్నెండు రోజుల తర్వాత కాగితం మీద లెక్క వేశాను: 12 రోజులు × 0.75 లీటరు × 40 గ్రాములు = 360 గ్రాముల అదనపు ఉప్పు. 20 లీటర్లలో లీటరుకు 18. మొదట 40, ఇప్పుడు 58. టబ్బు గోడకు మార్కరుతో గీత పెట్టి, అప్పటినుంచి ఉత్త నీళ్ళే గీత దాకా పోస్తున్నాను.

ఏప్రిల్ 27 సాయంత్రం గాలివాన. కరెంటు 2 గంటల 40 నిమిషాలు లేదు. పొదుగుతున్న సీసా పూర్తిగా పోయింది. టబ్బులో మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ కూర్చున్నాను. లెక్క లీటరుకు 118 నుంచి 71కి పడింది. బతికినవి నాలుగైదు రోజులకు ఎర్రబడ్డాయి. జబ్బనుకున్నాను. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆర్టీమియా తన ఒంట్లో హీమోగ్లోబిన్ పెంచుకుంటుంది, ఆ ఎరుపు అదే. వేడికి నీళ్ళలో ఆక్సిజన్ ముందే తక్కువగా ఉంది, కరెంటు పోవడం దానికి తోడైంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు కొన్నాను. ఇది మొదటి రోజే కొనవలసిన వస్తువు.

మే 5. నీటి మట్టం దగ్గర టబ్బు గోడకు గోధుమరంగు పట్టీ. మొదటి సీసాలో చూసిన పట్టీ లాంటిదే. వేలితో గీకితే సన్న రవ్వలా రాలింది. భూతద్దంలో గుండ్రటి గుడ్లు. నీళ్ళు బాగున్నప్పుడు ఆడది పిల్లలనే కంటుంది. ఉప్పు పెరిగి, ఆక్సిజన్ తగ్గి, రోజులు గడ్డుగా ఉంటే పెంకు గుడ్లు పెట్టి వదిలేస్తుంది. నా ఉప్పు లెక్క తప్పిన ఫలితం ఈ పట్టీ.

గీకి, కడిగి, తడిగానే సీసాలో వేశాను. మూడు రోజులైనా ఒక్కటీ పొదగలేదు. అప్పుడే పెట్టిన గుడ్డు గాఢనిద్రలో ఉంటుంది, ఎండితే గానీ ఆ నిద్ర వదలదు. రెండోసారి చేసిన పని:

1. గీకిన గుడ్లను ఇక ఉప్పు కరగనంత చిక్కటి ఉప్పునీళ్ళలో పది రోజులు ఉంచాను. గుడ్లు తేలాయి, చెత్త దిగింది.
2. తేలినవాటిని గుడ్డ మీద కడిగి, ఫ్యాను కింద నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. ఎండలో కాదు.
3. తూస్తే 0.3 గ్రాములు. 300 మి.లీ. నీళ్ళలో వేశాను, కొలతలన్నీ నాలుగో సీసావే.

జూన్ 2, 30 గంటలకు సగటు 4. అంటే 12,000 పిల్లలు. కొన్న గుడ్లతో పోలిస్తే గ్రాముకు అయిదో వంతు.

ఖర్చు: బ్యాటరీ పంపు 350, నీడవల 110. మొత్తం 2,580. చేపలకు వేసిన పెద్ద రొయ్యలు జూన్ 7 నాటికి 3,910. ఏంజెల్ పిల్లలు 83, బొటనవేలి గోరంత. డబ్బు లెక్కన చూస్తే గడ్డకట్టిన మేత పలకలు కొనడమే చవక. చిన్నపిల్లల మేతకు మాత్రం ఆ పలకలు అక్కరకు రావు, అక్కడ సీసాకు సాటి లేదు. పెద్ద చేపల కోసం టబ్బు పెట్టమని ఎవరికీ చెప్పను. నేను మాత్రం తీసేయను.

జూన్ 8. మృగశిర కార్తె, రాంనగర్ చేపల మార్కెట్లో గంటన్నర నిలబడి కొర్రమీను తెచ్చాను. వచ్చాక తీసిన లెక్క:

మూడో టబ్బు: లీటరుకు 64. నీళ్ళు గీత దగ్గరే. గోడకు కొత్త పట్టీ లేదు.

నాలుగో టబ్బు, సొంత గుడ్ల పిల్లలతో: అయిదో రోజు. లీటరుకు 410. బొత్తం 17 సెం.మీ. దగ్గర మాయం. ఈ పూట మేత వేయలేదు.